కొదువ లేదన్న కాంతమణి

ఆ ఆదివారం కార్ఖానా బస్తీలోని మా చర్చిలో కాంతమణి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడం ముగించి, చేతిలోని మైకును ఎవరికీ ఇవ్వకుండా తనతోనే తెచ్చుకుని కూర్చుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆపలేదు. పాస్టరు గారు ప్రార్థన కోసం కళ్లు మూసుకున్నారు. కాంతమణి పక్కనున్న కూతురి వైపు వంగి, "ఎలీనా, కుక్కర్ కింద గ్యాస్ బంద్ జేసినమానే?" అంది. ఆ ప్రశ్న లోపలున్న స్పీకర్లన్నిట్లోనూ, బయట చెప్పుల దగ్గర నిలబడ్డ ఆలస్యపువాళ్లకూ సమానంగా వినిపించింది. "జేసిన. అమ్మా, మైకు!" అన్న ఎలీనా జవాబు కూడా వినిపించింది. అయినా సంఘం సెక్రటరీ గారు ఊరుకోలేదు. ఆమె ఇంటి తాళంచెవి తీసుకుని స్కూటరు మీద వెళ్లి చూసొచ్చారు. గ్యాస్ ఆపే ఉంది. పాస్టరు గారు అందుకు కూడా దేవునికి స్తోత్రం చెల్లించారు.

సంఘంలో అందరికీ ఆ కుక్కరే గుర్తుండిపోయింది. ఆ రోజు బయటి నుంచి వచ్చిన నోవహు గారికి మాత్రం అంతకు ముందు కాంతమణి చెప్పిన సాక్ష్యం గుర్తుండిపోయింది. వచ్చిన చిక్కల్లా అక్కడే.

కాంతమణి మా వీధిలోనే ఉంటుంది. ఒక ప్రైవేటు బడిలో ఆయా. భర్త యేసుదాసు అదే బడికి వ్యాను నడుపుతాడు. ఒక్కతే కూతురు ఎలీనా, అప్పటికి బీఎస్సీ నర్సింగు రెండో ఏడు. ప్రభుత్వం ఇచ్చేది పోను మిగిలిన ఫీజంతా నోవహు గారు కట్టేవారు. ఆయన ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనా, భార్య గ్లోరియా గారూ పెన్షన్‌లోంచి ప్రతి ఏడూ ఎవరో ఒక్క బిడ్డను చదివిస్తారు. ఒక్క బిడ్డనే. అంతకు మించి వాళ్లకూ లేదు.

డబ్బు వేరేవాళ్లు ఇస్తే తల్లిదండ్రులు చేయాల్సింది ఏముంటుంది అనుకుంటాం. కాంతమణి ఇంటికెళ్లి చూస్తే తెలిసేది. పొద్దున ఐదింటికి పిల్లను లేపి, కాలేజీ బస్సు వచ్చేలోపు టిఫిను, బాక్సు రెండూ చేసేది. సాయంత్రం ఉల్లిగడ్డలు కోస్తూ ఎలీనా చేత పాఠం చెప్పించుకునేది. ఆమెకు అందులో ఒక్క ముక్క తెలియదు. అయినా తప్పు పట్టేది.

"ఆగినవ్."

"ఆగలేదమ్మా, ఊపిరి తీసుకున్న."

"మొన్న గీడ ఊపిరి తీసుకోలేదు. రాలేదన్నట్టే. మళ్ల చెప్పు."

యేసుదాసు పని వేరు. అతను రోజూ కూతురి తెల్ల బూట్లకు పాలిష్ పెట్టి, గుమ్మంలో ఎండకు ఆరబెట్టేవాడు. మాట్లాడేవాడు కాదు. ఇంట్లో ఇద్దరు మాట్లాడుతుంటే మూడోవాడికి సందు దొరకదని అతని అభిప్రాయం.

ఇక సాక్ష్యం సంగతి. మాలో సాక్ష్యానికి ఒక పద్ధతుంది. ముందు కష్టం చెప్పాలి, తర్వాత ప్రార్థన చెప్పాలి, చివర "ఇప్పుడు మాకు ఏ కొదువా లేదు, దేవునికే మహిమ" అని కూర్చోవాలి. "ఇంకా జెర తక్కువుంది" అని ముగించినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. సగం బియ్యం డబ్బాతో వచ్చినవాళ్లు కూడా కొదువ లేదనే అంటారు. అది కృతజ్ఞత చెప్పే తీరు. పుట్టినప్పటి నుంచీ చర్చిలో పెరిగిన కాంతమణి కూడా అంతే చెప్పింది. కాకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పింది, ఎందుకంటే ఆ రోజు నోవహు గారిని తనే ఫోన్ చేసి మా చర్చికి పిలిచింది. సాయం చేసిన పెద్దమనిషి ముందు మొహం వేలాడేసుకుని నిలబడితే ఏం మర్యాద?

"నా బిడ్డ చదువుకు దేవుడు దారి చూపిండు. ఇయ్యాల నా ఇంట్ల ఏ కొదువా లేదు. ఎవరి దగ్గర చెయ్యి చాపే అవసరం ఇగ మాకు రాదు!"

సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను.

మూడో సంవత్సరం మొదలైన కొన్నాళ్లకు కాలేజీ వాళ్లు ఫీజు రాలేదన్నారు. కట్టకపోతే క్లాసులో కూర్చోనివ్వమన్నారు. కాంతమణి నా దగ్గరికి వచ్చి, "అక్కా, తోడు రా. నోవహు గారింటికి ఒక్కదాన్నే పోబుద్ధయితలేదు," అంది. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

గ్లోరియా గారు టీ ఇచ్చి, గులాబీ పువ్వులనే కరకరలాడే పిండివంట ప్లేటు ముందు పెట్టారు. నోవహు గారు కాంతమణిని చూడగానే సంబరపడిపోయారు.

"రామ్మా, రా. ఆ రోజు నీ సాక్ష్యం విని మా ఆవిడ ఇంటికొచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉందమ్మా. ఇంతమంది పిల్లల్ని చదివించాం, ఇక మాకు అక్కర్లేదని చెప్పినవాళ్లు ఒక్కళ్లూ లేరు. నువ్వు చెప్పావు. నువ్వన్నది విని, ఆ సాయం తిరుమలగిరిలో బాలమ్మ గారి మనవరాలికి ఇచ్చేశాం. ఆ పిల్లకి తల్లీ తండ్రీ లేరు."

కాంతమణి చేతిలో గులాబీ పువ్వు విరిగింది. దాన్ని ప్లేటులోనే పెట్టింది.

"అయ్యగారూ, నేను కొదువ లేదన్నది... విశ్వాసంతోటి అన్నానండి."

"అదేనమ్మా నేనూ అంటున్నది! ఇలాంటి విశ్వాసం ఎంతమందికుంటుంది?"

"అది గాదయ్యా. ఇంట్ల ఉన్నదని గాదు, దేవుడు ఇస్తడని."

"ఇచ్చాడుగా!" అన్నారాయన భార్య వైపు తిరిగి. "విన్నావా గ్లోరియా?"

ఎటు తిప్పినా ఆ మాట మళ్లీ స్తోత్రమే అవుతోంది. నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. నవ్వు రాబోతోందని నాకు భయం వేసింది. కాంతమణి మొహం చూశాక ఆ భయం పోయింది.

చివరికి ఆమె లేచి నిలబడి చెప్పింది. "అయ్యా, మాకు లేవు. బిడ్డను క్లాసుల కూర్చోనిస్తలేరు."

నోవహు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మరి చర్చిలో అట్లా ఎందుకు చెప్పావమ్మా?" అన్నారు. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగారు.

"సాక్ష్యంల ఎవరైనా గట్లనే చెప్తరు గదయ్యా."

"నేను నమ్మానమ్మా."

గ్లోరియా గారు లోపలికి వెళ్లి ఏదో వెతికి, మా వైపు రాకుండా అక్కడే నిలబడిపోయారు. అప్పటికే కట్టేసిన ఫీజును ఆ తల్లీతండ్రీ లేని పిల్ల దగ్గర్నుంచి వెనక్కి అడగమని కాంతమణీ అనలేదు, అడుగుతామని వాళ్లూ అనలేదు.

మేం తిరిగొచ్చేసరికి వాళ్లింటి గేటు దగ్గర ఎదురుచూస్తున్న ఎలీనాకు తల్లి నడక చూస్తేనే అర్థమైంది. అరవలేదు. "జెర ఏడ్చి చెప్తే ఏం బోయేదమ్మా ఆ రోజు?" అని మాత్రం అంది.

"స్తుతి జేసేకాడ ఏడుస్తరానే?"

ఆ తర్వాత చేయగలిగినవన్నీ చేశారు. కాంతమణి చెవి కమ్మలు కాలేజీలో సీటు తీసుకున్నప్పుడే అమ్ముడుపోయాయి. వ్యాను యజమాని అంతకు ముందు ఇచ్చిన అడ్వాన్సు గుర్తుచేశాడు. సంఘంలో ఒకరిద్దరు చేతనైనంత ఇచ్చారు, అది చాలలేదు. మిగిలినవాళ్లు, "నువ్వే గద కాంతమణీ, కొదువ లేదంటివి," అన్నారు. వాళ్లూ ప్రతి ఏడూ అదే మాట అంటారు, మళ్లీ సాయం అడగడానికి అవే ఇళ్లకు వెళ్తారు. పాస్టరు గారు విషయాన్ని ప్రార్థనలో పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

కాలేజీ వాళ్లు రెండుసార్లు ఫోన్ చేసి, తర్వాత మానేశారు. పేరు తీసేశారు. ఎలీనా ఇప్పుడు కార్ఖానాలో ఒక మందుల షాపులో బిల్లులు కొడుతోంది. పదింటికి వెళ్తుంది, రాత్రికి వస్తుంది. వచ్చే ఏడు చూద్దామని ఎవరైనా అంటే తల ఊపుతుంది. వచ్చే ఏడు చూడ్డానికి ఏమీ లేదని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

నిన్న పొద్దున నేను పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చేసరికి ఇంకా తెల్లవారలేదు. వాళ్లింట్లో లైటు వెలుగుతోంది. పొయ్యి మీద ఏదో వేగుతున్న వాసన. కిటికీలోంచి ఎలీనా గొంతు, నిద్రమత్తులో కోపంగా వినిపించింది.

"కాలేజీ లేదు, బస్సు లేదు, ఇంక ఐదింటికి నన్నెందుకు లేపుతున్నవమ్మా?"

"సీటు బోయిందే, లేచే అలవాటు సుత పోవాల్నా?"