మేలుకోబోయే మొగ్గ

మా చెల్లి పోయిందని తమ్ముడు రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఫోను చేసేటప్పటికి నేను నిడదవోలులో మా ఇంట్లో ఉన్నాను. స్నానం చేసి, దీపం పెట్టుకుని మళ్లీ వెళ్దామని ముందురోజు సాయంత్రం వచ్చాను. "అక్కా, అయిపోయిందక్కా" అన్నాడు. "సరే, వస్తున్నా" అన్నాను. చేతిలో అగ్గిపెట్టె ఉంది. మైల కదా, దీపం వెలిగించకుండా పక్కన పెట్టేశాను. పొయ్యి మీద పాలు పొంగాక దించి బయలుదేరాను. ఇంతవరకు ఏడుపు రాలేదు.

చెల్లి తేయాకు మీద పరిశోధన చేసేది. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో ఉద్యోగం. చలికాలం వస్తే అక్కడ తేయాకు మొక్క చిగురు వెయ్యడం మానేస్తుంది. కొమ్మ చివరి మొగ్గ ముడుచుకుని అలా ఉండిపోతుంది. అప్పుడు మొగ్గ లోపల ఏ జన్యువు పని చేస్తోంది, ఏది ఊరుకుంది అన్నది ఆమె చదువు.

"చచ్చిపోలేదక్కా, పడుకుంది. పెంచే జన్యువులు తగ్గుతాయి, చలికి కాచేవి లేస్తాయి. పడుకోవడం కూడా పనే" అని, నేను బెండకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని చెప్పేది.

తేయాకు మీద అంత చదివి కాఫీ తాగేది. "ఏంటే ఇది, ఎవరైనా వింటే నవ్వుతారు" అంటే, "ఆఫీసు పని ఇంటికి తేకూడదు కదండీ" అని మూతి బిగించి గ్లాసు చాపేది. ఏ చుట్టాలింటికెళ్లినా ముందు పెరట్లోకి వెళ్లి మొక్కల కొసలు చూసి వచ్చాకే మనుషుల్ని పలకరించేది. కోపాలొచ్చినవాళ్లూ ఉన్నారు.

పోయిన వానాకాలంలో జబ్బు బయటపడింది. వైద్యానికి నా దగ్గరికి వచ్చేసింది. చలికాలమంతా అక్కడి తోటివాళ్లు ఆమె గుర్తుపెట్టిన పొదల నుంచే మొగ్గలు కోసి భద్రం చేశారు. చివరి కోత మిగిలింది. ఆ మొగ్గ ఇంకా మూసుకునే ఉండాలి, కాని మేలుకోబోతూ ఉండాలి. ఆ అదను దాటిపోతే పడుకున్న మొగ్గలుంటాయి, లేచిన చిగుళ్లుంటాయి, లేవడం ఎలా మొదలైందో మాత్రం ఉండదు. మళ్లీ చలికాలం దాకా ఆగాలి. అప్పటిదాకా తను ఉండదని చెల్లికి తెలుసు. ఆ కోతకి తనే వెళ్తానంది.

"ఇప్పుడు ప్రయాణమేంటండీ?" అన్నారు డాక్టరుగారు.

"వాళ్లు ఫోటోలు పెడుతున్నారుగా, చూసి చెప్పు, వాళ్లే కోస్తారు" అన్నాడు తమ్ముడు.

"పెళ్లిచూపుల ఫోటోల్లాగేరా, అందులో అన్నీ బాగానే ఉంటాయి. ఎదురుగా చూడాలి" అని నావైపు తిరిగింది. అమ్మ పోయాక మా ఇంట్లో చివరి మాట నాది. "నువ్వు చెప్పక్కా."

ఆ రోజంతా నామం చెప్పుకున్నాను. సాయంత్రం, "నీ స్వెట్టర్లు ఎక్కడున్నాయే?" అని అడిగాను.

అక్కడ తోటలో పొదల పక్కన కుర్చీ వేసి చెల్లిని కూర్చోబెట్టారు. తెల్లటి పొగలు కక్కుతూ ద్రవ నైట్రోజన్ డబ్బా ఒకటి. కోసిన మరుక్షణం మొగ్గని అందులో వెయ్యాలి.

"కోసిన సంగతి మొగ్గకి తెలిసిపోతుందక్కా. ఇక గాయం పనిలో పడుతుంది. అంతకు ముందు ఏం చేస్తోందో, అక్కడే గడ్డకట్టించాలి."

కన్ను పనిచేస్తోంది గాని, మందులకి ఆమె వేళ్లు మొద్దుబారిపోయాయి. మొదటి మొగ్గ నలిగింది. రెండోది నేల మీదికి జారింది.

"నువ్వు కొయ్యి" అంది.

దేవుడికి నేను విచ్చిన పువ్వే కోస్తాను. మొగ్గ ముట్టను. అమ్మ నేర్పిన పద్ధతి. "మొగ్గ తుంచకూడదే" అన్నాను.

"ఇది పూలమొగ్గ కాదు, ఆకుమొగ్గ. మీ స్వామికి నేను సర్దిచెబుతాలే. ఎలాగూ నేనే ముందు కలుస్తాను."

ఇద్దరం నవ్వాం. తెలుగు రాని ఆ తోటివాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

ఆమె చూపించింది, నేను తుంచాను. "అది కాదు, పక్కది. ఊఁ, అదే." ఒక్కో మొగ్గ డబ్బాలో పడగానే చుయ్యిమనేది. కావలసినన్ని అయ్యేదాకా నేను నామం ఆపలేదు, చెయ్యీ ఆపలేదు.

తిరుగు రైల్లో ఉండగా తోట నుంచి ఫోను వచ్చింది. ఆ పొదల మీద మిగిలిన మొగ్గలన్నీ విచ్చుకున్నాయట. "సమయానికి అందుకున్నామక్కా" అంది చెల్లి. దుప్పటి లాక్కుని పడుకుంది.

కోత అయిపోయిన ఆ ఉదయమే నాకు ఎక్కువ గుర్తొస్తోంది. డబ్బా మూత బిగించి వాళ్లు తీసుకెళ్లిపోయారు. ఇక వెళ్దామంటే చెల్లి లేవలేదు. అరచెయ్యి పొద మీద ఆనించి కూర్చుంది. మంచుకి ఆకులన్నీ నీళ్లోడుతున్నాయి. మణికట్టు మీదుగా బొట్లు జారి స్వెట్టరు చేతిలోకి ఇంకుతున్నాయి.

"తడిగా ఉందా అక్కా? నాకు తెలీట్లేదు."

"ఉందమ్మా" అన్నాను.

చెయ్యి తియ్యలేదు.