కాంచన ఒంటిగా ఎక్కిన గుట్ట

కాంచన ఆ గుట్టను మొదటిసారి ఎక్కింది బస్సు చెడిపోబట్టి. తిరుత్తణిలో స్వామి దర్శనం చేసుకుని పళ్ళిపట్టుకు తిరిగి వస్తుంటే దారిలో బస్సు ఆగిపోయింది. డ్రైవరు బానెట్టు ఎత్తి లోపలికి తల దూర్చాడు. మగవాళ్ళు బీడీలు ముట్టించారు. ఆడవాళ్ళు నీడ చూసుకుని కూచున్నారు. కాంచన చాటు వెతుక్కుంటూ రోడ్డు పక్క పొదల్లోకి పోయింది. పోయిన పని అయ్యాక వెనక్కి తిరగాల్సింది, తిరగలేదు. బండల మధ్య మేకలు నడిచిన సన్నటి జాడ కనిపిస్తే దాని వెంట కొంచెం దూరం, ఇంకొంచెం దూరం అనుకుంటూ ఎక్కింది. కాసేపటికి డ్రైవరు తిట్టే తిట్లు వినిపించడం ఆగిపోయింది. ఇంకాసేపటికి గాలి తప్ప ఏమీ వినిపించలేదు. కింద హారన్ మోగేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.

అప్పటికి ఆమెకు ముప్పై దాటాయి. భర్త కామెర్లతో పోతే అన్న దామోదరం వెళ్ళి తనతో పిలుచుకొచ్చాడు. పళ్ళిపట్టు నేతవాళ్ళ వీధిలో ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. కాంచన పని రాట్నం దగ్గర కూచుని నూలు కండెలు చుట్టడం. కండె అయిపోతే అన్న పిలుస్తాడు, పొయ్యి ఆరిపోతే వదిన వనజాక్షి పిలుస్తుంది, నీళ్ళకు పోతే పక్కింటి పచ్చయమ్మ పిలుస్తుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. కాంచనను ఎవరూ ఒక మాట అనలేదు. కానీ పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా ఆమె పేరు ఎవరో ఒకరి నోట్లో నలుగుతూనే ఉండేది.

అమావాస్యనాడు మగ్గం ఆడించరు. ఆ ఒక్కరోజు ఆమెది. తిరుత్తణికి పోయి వస్తానంటే అన్న కాదనేవాడు కాదు. ఆమె నిజంగానే ఒకసారి పోయి, కాస్త ఎక్కువ విబూది తెచ్చి పెట్టెలో దాచుకునేది. ఆ తర్వాతి అమావాస్యలకు గుట్ట దగ్గర దిగిపోయేది. బస్సు ఆగే చోట ఏళుమలై టీ కొట్టు ఉంది, అక్కడ దిగితే అందరూ చూస్తారు. అందుకని ఒక స్టాపు ముందే దిగి, వేరుసెనగ చేల గట్ల మీదుగా చుట్టు తిరిగి ఎక్కేది. పైన బండ మధ్యలో ఒక దొన ఉంది. ఎండాకాలంలో కూడా అడుగున నీళ్ళు ఉండేవి. దాని పక్కన కూచుని పులుసన్నం తిని, నగరి కొండల వైపు చూస్తూ ఉండి, మళ్ళీ దిగి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరి, పెట్టెలోని విబూది కొంచెం తీసి ఇచ్చేది. వదిన ఆ విబూదిని కళ్ళకద్దుకుని నుదుట పెట్టుకుంటుంటే మాత్రం కాంచన చూపు తిప్పుకునేది.

భయం లేదా అంటే ఉంది. బండ సందుల్లో పాము కుబుసాలు కనిపించేవి. పాముకంటే మనుషులంటే ఎక్కువ భయం. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. తమిళనాడులో సారాయి నిషేధం. సరిహద్దు గుట్టల్లో దొంగచాటుగా కాచేవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. ఒకసారి గుట్టకు అవతలి పక్క పొగ లేవడం ఆమే చూసింది. బెల్లం పులిసిన వాసన కూడా తగిలింది. అప్పటినుంచి గాజులు చప్పుడు కాకుండా పైకి జరుపుకుని నడిచేది.

ఎండలు ముదిరే పంగుని నెల అమావాస్యనాడు, దొన దగ్గరినుంచి దిగుతూ ఉండగా ఆమెకు ఒక గొంతు వినిపించింది.

"ఎవురైనా ఉండారా? యారావదు ఇరుక్కీంగళా?"

తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి. మగ గొంతు. కాంచన చటుక్కున బండ చాటున కూచుంది. సారాయివాళ్ళు తనను చూశారు, పిలుస్తున్నారు, అనుకుంది. ఆ గొంతు ఉన్న పక్కనే దిగే జాడ, పొద్దున ఎక్కేటప్పుడు అక్కడ ఎవరూ కనిపించలేదు. తప్పించుకుని పోవాలంటే పైకి ఎక్కి అవతలికి దిగాలి. అవతల పొగ లేచిన చోటు. ఊపిరి బిగబట్టి కూచుంది. గొంతు మళ్ళీ వినిపించింది, ఈసారి పిలుపు కాదు. "అమ్మా, అమ్మా" అని సన్నటి మూలుగు.

చేతికి అందిన రాయి ఒకటి తీసుకుని, బండ పక్కనుంచి తొంగి చూసింది. ప్యాంటు వేసుకున్న ఒక పడుచువాడు రెండు గుండ్ల మధ్య పడి ఉన్నాడు. ఒక కాలికి క్యాన్వాసు బూటు ఉంది. రెండో కాలు మోకాలి కిందనుంచి ఉబ్బి నల్లబడింది. పెదవులు ఎండి చిట్లాయి.

"ఎవురు నువ్వు?" దూరంనుంచే అడిగింది.

అతను ఉలిక్కిపడి చూసి, చేతులు జోడించాడు. "నా పేరు మునిరత్నం అక్కా. తిరువళ్ళూరు. కోర్టులో టైపిస్టుగా ఉండాను. నిన్న పొద్దు వాలేటప్పుడు జారి పడినాను. కాలు ఇరిగినట్టుండాది."

"టైపిస్టుకు ఈ గుట్టలో ఏం పని?"

"పనేమీ లేదక్కా. సెలవు దొరికితే ఇట్ల యాడన్నా ఒక గుట్ట ఎక్కుతాను. ఊరికే."

"ఊరికేనా? ఒంటిగానా?"

"తోడు రమ్మంటే ఎవురొస్తారు? వచ్చినా మాట్లాడుతానే ఉంటారు."

ఇంకెవరైనా అయితే ఆ మాట నమ్మేవాళ్ళు కాదు. కాంచన నమ్మింది. నమ్మినా చేతిలో రాయి వదల్లేదు.

"ఇంట్లో చెప్పి రాలేదా? వెతుక్కుంటా రారా?"

"ఊత్తుకోటలో స్నేహితుని ఇంటికి పోతుండానని చెప్పి వస్తిని. వాళ్ళు వెతికితే ఆడ వెతుకుతారు."

కాంచన ఆ గుండ్లకేసి చూసింది. తాను ఆ గుండ్ల మధ్య పడి ఉంటే అన్న ఎక్కడ వెతికేవాడు? తిరుత్తణి మెట్ల మీద, గుడి చుట్టూ, బస్టాండులో. ఆమె పేరు చెప్పి కనిపించినవాళ్ళనందరినీ అడిగేవాడు. ఈ గుట్ట వైపు తలెత్తి కూడా చూసేవాడు కాదు.

"నువ్వేం పని మీద వచ్చినావక్కా?" అని మునిరత్నం అడిగాడు.

నన్నారి సర్బత్ సీసాలో ఆమె తెచ్చుకున్న నీళ్ళు సగం మిగిలి ఉన్నాయి. దాన్ని అతనికి కాస్త దూరంలో బండ మీద పెట్టి వెనక్కి జరిగింది. అతను మోచేతుల మీద పాకబోయి కేక పెట్టి అట్లాగే పడిపోయాడు. కాంచన అతని చేతులకేసి చూసింది. దగ్గరికి పోతే పట్టుకుంటాడేమో. ఇదంతా నాటకమేమో. గుండ్ల వెనక ఇంకెవరైనా ఉన్నారేమో. చుట్టూ చూసింది. బండల మీద ఎండమావి తప్ప ఏమీ కదలడం లేదు. చివరికి రాయి కింద పెట్టి, పోయి సీసా అతని నోటికి అందించింది. అతను సీసాను రెండు చేతులా పట్టుకుని గటగటా తాగాడు. మిగిలిన పులుసన్నం ఆకుతో సహా అతని పక్కన పెట్టింది.

"పొయ్యి మనుషుల్ని పిలుచుకొస్తాను."

"వస్తావు గదా అక్కా?"

"వస్తాను."

దిగేటప్పుడు ఒకచోట జారి మోకాలు దోక్కుపోయింది. ఇక్కడే తన కాలు కూడా విరిగితే ఇద్దరినీ ఎవరూ వెతకరని తోచి, కూచుని పాకుతూ దిగింది. మనసులో మాత్రం ఇంకో లెక్క నడుస్తూ ఉంది. ఎవరితో చెప్పాలి? ఏమని చెప్పాలి? ఏ నోట పడినా ఆ మాట రేపటికి నేతవాళ్ళ వీధికి చేరుతుంది. కాంచన గుట్టలో ఒక మగవాడితో ఉందట.

ఏళుమలై టీ కొట్టు దగ్గర నలుగురు కూచుని ఉన్నారు. కాంచన కొంగు సర్దుకుని, చెమట తుడుచుకుని, "అన్నా, మలలో, ఆ గుట్ట మీద, ఎవురో కాలిరిగి పడుండాడంట. మేకలు కాసేవాళ్ళు చెప్పినారు" అంది.

"మేకలోళ్ళు ఈపొద్దు ఈ పక్క తోలలేదే" అన్నాడు ఏళుమలై.

కట్టెలు కొట్టే ధనకోటి నవ్వాడు. "సారాయి తాగి పడుంటాడు. మత్తు దిగినాక లేచి వాడే వస్తాడులేమ్మా."

"తాగలేదు అన్నా. కాలిరిగింది."

"నీకెట్ల తెలుసు?"

అంతలో పళ్ళిపట్టు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పళ్ళిపట్టు, పళ్ళిపట్టు అని అరిచాడు. ఎక్కితే చాలు, ఏమీ జరగనట్టే ఇల్లు చేరుతుంది. చెప్పాల్సింది చెప్పింది, విననిది వాళ్ళ తప్పు. ఆమె కమ్మీ పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టింది. లోపల కిటికీ పక్కన పచ్చయమ్మ కూచుని ఉంది. "ఏమే కాంచనా, ఈడ ఎక్కుతుండావు?" అంది ఆశ్చర్యంగా.

కాంచన కాలు కిందికి దించింది. కొట్టు వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు చెప్పింది. "నేనే చూస్తిని. నేనే పైకి పోయుంటి. ఒంటిగానే పోయుంటి. వాడికి నీళ్ళిచ్చి వస్తుండాను. పొద్దు వాలితే వాడు బతకడు. రండి, చూపిస్తాను."

ఎవరూ నవ్వలేదు. పచ్చయమ్మను తీసుకుని బస్సు వెళ్ళిపోయింది.

ఏళుమలై కొట్టు వెనకనుంచి నులక మంచం లాగాడు. ధనకోటి తాళ్ళు తెచ్చాడు. కాంచన ముందు, మగవాళ్ళు వెనక. ఆ ఎక్కడం ఆమెకు తెలిసిన గుట్ట ఎక్కినట్టు లేదు. వెనక గుసగుసలు వినిపిస్తూ ఉన్నాయి. జాడ తప్పానేమో అని ఒకచోట, అతను లేకపోతే తన మాట ఎవరు నమ్ముతారని ఒకచోట, ఉన్నా ప్రాణం లేకపోతే ఏమంటారని ఒకచోట ఆగి ఆగి ఎక్కింది. గుండ్ల దగ్గరికి చేరి పిలిస్తే బదులు రాలేదు. ధనకోటి వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఉండాడు, ఉండాడు. పావం, స్మారకం తప్పినాడు."

మంచానికి కట్టి దించి, రోడ్డు మీద ఇసుక లారీ ఆపి తిరుత్తణి ఆస్పత్రికి పంపేసరికి పొద్దు గుంకింది. దామోదరం సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పచ్చయమ్మ చెప్పి ఉంటుంది. చెల్లెలి చిరిగిన చీరకేసి, నెత్తురు ఎండిన మోకాలికేసి చూశాడు.

"సైకిలెక్కు" అన్నాడు.

ఇంట్లో వదిన అడిగింది. "ఎన్నాళ్ళనుంచే?"

"రెండేండ్లయింది వొదినా."

"మరి విబూది?"

"ఒకసారి పోయినప్పుడు ఎక్కువ తెచ్చి పెట్టుకుంటిని."

వనజాక్షి కొడుతుందేమో అనుకుంది కాంచన. వదిన గోడకు చేరగిలబడి ఏడ్చింది. "నువ్వు ఆ మలలో పడుంటే మేము తిరుత్తణిలో వెతుకుతా ఉందుము గదే. నక్కలు పీక్కుతిన్నా మాకు తెలీదు గదే."

ఆ తర్వాతి అమావాస్యలు కాంచన ఇంట్లోనే గడిపింది. పొమ్మనీ వద్దనీ ఎవరూ అనలేదు, తానే అడగలేదు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమె రాగానే మాట మార్చేవాళ్ళు. తిరువళ్ళూరువాడి కోసమే పోయేదంట అని పచ్చయమ్మ అన్నట్టు తెలిసింది. మునిరత్నం బతికాడో లేదో కూడా తెలియలేదు. అడిగితే ఇంకొక మాట పుడుతుందని అడగలేదు. కండెలు చుడుతూ ఆ చిట్లిన పెదవులు గుర్తొచ్చి పోగు తెంపుకునేది.

అమ్మవారి జాతరలు జరిగే ఆడి నెలలో ఒక పెద్దావిడ పెరియపాళయం అమ్మవారి ప్రసాదం పట్టుకుని, టీ కొట్టులో అడిగి తెలుసుకుని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మునిరత్నం తల్లి వరదమ్మ. వీధి అరుగు మీదే నిలబడి, పక్కిళ్ళవాళ్ళు వింటుండగా, కాంచన రెండు చేతులూ పట్టుకుంది.

"నా బిడ్డను బతికించినావమ్మణ్ణీ. వాడికి నీ మొగం కూడా సరిగ్గా గుర్తులేదంట. ఎవురో అక్క నీళ్ళు పోసింది అంటాడు, అంతే తెలుసు వాడికి." ఆ తర్వాత లోపలికి వచ్చి కూచుని గొంతు మార్చింది. "వాడికి పిచ్చి అనుకుంటిని. కాలు పొట్టిదయి కుంటుతుండాడు. నీకేం వచ్చిందమ్మా ఒంటిగా ఆ మల ఎక్కేదానికి?"

అందరూ కాంచన వైపు చూశారు. దామోదరం మగ్గం ఆపాడు.

"ఆడ నన్ను ఎవురూ పిలవరు పెద్దమ్మా" అంది కాంచన.

వనజాక్షి పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి, వరదమ్మకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి పోయింది.

ఐప్పసి వానలు వెలిశాక ఒక అమావాస్య పొద్దున వదినే పులుసన్నం కట్టి చేతికిచ్చింది. "ఏ పక్క ఎక్కుతావో, ఏ పక్క దిగుతావో చెప్పిపో. టీ కొట్టులో కూడా చెప్పు. విబూది తేవద్దు." దామోదరం మగ్గం మీద పోగులు సరిచేసుకుంటూ తల ఎత్తకుండా, "కర్ర తీసుకో" అన్నాడు.

ఆరోజు కాంచన దొనదాకా పోలేదు. ఇంతకుముందు కళ్ళు మూసుకుని కాలు పెట్టిన రాళ్ళ మీద ఇప్పుడు కాలు పెట్టాలంటే వణుకు. ప్రతి రాయి కదులుతుందేమో అనిపించింది. సగం ఎక్కి, కూచుని, దిగి వచ్చేసింది. పై నెల ఇంకొంచెం పోయింది. దొన నీళ్ళు మళ్ళీ ముట్టుకునేసరికి సంక్రాంతి వచ్చే తై నెల దాటింది.

ఆ తర్వాత చాలా ఏండ్లు ఎక్కింది. ఎనభైల్లో ఆ వీధిలోకి కరెంటు మగ్గాలు వచ్చాక కూడా అమావాస్య సెలవు ఆమె వదల్లేదు. ఒకసారి వనజాక్షి కూడా వెంట వచ్చింది. దారి పొడుగునా కాళ్ళ నొప్పి చెప్పుకుని, దొన నీళ్ళలో పురుగులున్నాయని చెప్పి, ఇంకెప్పుడూ రానంది.

కాంచన గుట్టకు పోయిన రోజు వదిన ఒకచోట కూచోదని, మధ్యాహ్నంనుంచే వీధి వాకిట్లో నిలబడి బస్సు వచ్చే వైపు చూస్తుందని పచ్చయమ్మే చెప్పింది. ఆ మాట విన్నాక కాంచనకు పైన ఇదివరకటంత సేపు ఉండబుద్ధి కాలేదు. అన్నం తినగానే లేచేది. నగరి కొండల మీద ఎండ ఇంకా తెల్లగా ఉండగానే, కర్ర ఆనించుకుంటూ, ఒక్కో రాయి చూసుకుంటూ దిగి, సాయంత్రం బస్సుకంటే ముందు బస్సు పట్టుకునేది.