రేడియో బంద్ చేసిన చెయ్యి

ఈ సంగతిని నాకంటే రసవత్తరంగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొన్న ఒక మహిళా సభలో నన్ను పరిచయం చేస్తూ ఒక పెద్దమనిషి అందుకున్నాడు. 1944లో నేను పట్నం రేడియోలో బాలింతల గురించి మాట్లాడుతుంటే ఆ గొంతు నకిరేకల్ బజారులో మోగిందట, ఒక అత్తగారి మనసు కరిగిందట, అప్పటికప్పుడు కోడలికి నీళ్ళు పట్టి ప్రాణం నిలబెట్టిందట. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి, ఆ సాయంత్రం నాకు గొంతే లేదనీ, నకిరేకల్‌లో రేడియో బంద్ చేసి ఉందనీ చెప్పాను. సభవాళ్ళకు ముఖాలు చిన్నబోయాయి. దండ మాత్రం వేశారు.

జరిగింది ఇది. అప్పుడు నేను హైదరాబాదులో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతూ, వారానికొకసారి రేడియోలో తెలుగు ప్రసంగం చేసేదాన్ని. మాది నల్లగొండ. కాలేజీ చదువు చదివిన నల్లగొండ ఆడమనిషి అంటే అప్పట్లో వింతే కాబట్టి నన్ను పిలిచి ఉంటారు. ఉర్దూ కార్యక్రమాల మధ్య తెలుగుకు దొరికిన చోటు కొంచెమే. అందులో నా వంతు ఇంటి సంగతులు. యుద్ధం నడుస్తోంది. చక్కెర దొరకదు, కిరసనాయిలు దొరకదు, బట్టకు కంట్రోలు. బర్మాలో ఏం జరిగిందో చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. బర్మా బియ్యం రాకపోతే మన పొయ్యి మీద ఏం మారిందో నేను చెప్పేదాన్ని.

రేడియో పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మాది లైవ్ ప్రసారం. అంటే ముందుగా మాట్లాడి దాచిపెట్టుకునే వీలు లేదు. స్క్రిప్టు ముందే రాసిచ్చి ఒప్పించుకోవాలి. తర్వాత తలుపులు మూసిన గదిలో, మైకు ముందు కూర్చొని, ఎర్ర దీపం వెలగగానే మొదలుపెట్టాలి. దీపం వెలిగాక దగ్గినా ఊరంతా వింటుంది. ఇందులో ఒక అన్యాయం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడే మనిషికి వినే చోట ఉండే వీలు లేదు. పాఠం చెప్పేటప్పుడు పిల్ల ఆవలిస్తే కనపడుతుంది. మైకు ఆవలించదు. నా ప్రసంగాల పేరు స్త్రీల కోసం అని. మెచ్చుకుంటూ వచ్చిన కార్డులన్నీ మగవాళ్ళవి. ఎందుకని అడిగితే స్టేషన్‌లో ఒకాయన, ఆడవాళ్ళకు రాయడం రాదు కదమ్మా అన్నాడు. రాయించుకోవడం కూడా రాదా అని అడిగాను. టీ తెప్పించాడు.

ఆ ఎండాకాలం బాలింత దాహం మీద స్క్రిప్టు రాశాను. మా వైపు కానుపైన మనిషికి నీళ్ళివ్వరు. వాతం చేస్తుందని, పొట్ట పెరుగుతుందని, పెదవులు తడపడంతో సరిపెడతారు. ఇది తప్పని, కాచి చల్లార్చిన నీళ్ళు అడిగినన్ని ఇవ్వాలని, జ్వరం వస్తే మరీ ఇవ్వాలని నాకు చెప్పింది ఒక లేడీ డాక్టరు. ఆమె మాటల్ని మన మాటల్లో పెట్టాను. తీరా ప్రసారం వారం వచ్చేసరికి నా గొంతు పూర్తిగా పూడుకుపోయింది. చెవిలో చెప్పినట్టు గుసగుస తప్ప ఏమీ రాదు. అనౌన్సరుగా పనిచేసే అమ్మాయి నా బదులు చదువుతానంది. అంటే మొదటిసారి నా ప్రసంగం వినే చోట నేను ఉండవచ్చన్నమాట. పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సెక్కి, చౌటుప్పల్‌లో దాని పొయ్యి మళ్ళీ రాజేసేదాకా ఎండలో నిలబడి, మసి ముఖంతో నకిరేకల్‌లో దిగాను. అక్కడే ఎందుకంటే, నాకు ఎక్కువ కార్డులు వచ్చింది ఆ ఊరినుంచే.

ఊళ్ళో బజారుకంతటికీ ఒకటే రేడియో. బ్యాటరీతో నడిచే సెట్టు. ఖాదర్ సాబ్ అనే దర్జీ దుకాణంలో, కుట్టు మిషను పైన గూట్లో ఉండేది. ఆయనకు యాభై దాటి ఉంటాయి, మెడలో టేపు. ధాన్యం అమ్మడానికి వచ్చిన రైతులు, బండ్లవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. ఆడమనిషి అన్నది లేదు. నేను జాకెట్టు గుడ్డ కొలత నెపంతో లోపల బల్ల మీద కూర్చున్నాను. ఉర్దూ వార్తలు అయ్యాయి. మా అనౌన్సరు అమ్మాయి గొంతు వినపడింది. ఇప్పుడు తెలుగులో, బాలింత దాహం గురించి, అంది. ఖాదర్ సాబ్ మిషను ఆపి, లేచి, గూట్లోకి చెయ్యి పెట్టి రేడియో బంద్ చేశాడు. అరుగు మీదివాళ్ళు అలవాటుగా బీడీలు తీశారు.

నా ఒళ్ళు మండింది. ఎందుకు ఆపారని గుసగుసగానే అడిగాను.

"గా అమ్మ మంచిగ మాట్లాడ్తది" అన్నాడాయన, నేనెవరో తెలియక. "చక్కెర ముచ్చట, బట్టల ముచ్చట చెప్తే అందరం ఇంటం. గిసొంటి ఆడోళ్ళ ముచ్చట వస్తె బంద్ జేస్త. ఎవరింటి బిడ్డనో. ఆమె కానుపు ముచ్చట బజార్ల ఇంతమంది మొగోళ్ళు ఇంటే ఆమె ఇజ్జత్ ఏం గావాలె?"

నా ఇజ్జత్ కాపాడుతున్నాడు. నా ప్రసంగం నోరు నొక్కి నా మర్యాద నిలబెడుతున్నాడు, అదీ ఎన్నాళ్ళనుంచో. ఆ అమ్మ నేనేనని చెప్పాను. ఆయన నా ముఖం వైపు, మసి వైపు చూసి, మీ గొంతు గట్ల లేదు కదమ్మా అన్నాడు. ఎంతటి కోపమైనా గుసగుసలో సగం చచ్చిపోతుందని ఆవేళే తెలిసింది. అయినా వదలలేదు. ఆడవాళ్ళు బజారుకు రారు, బజారులో తప్ప రేడియో లేదు, బజారులో మీరు వినపడనియ్యరు. ఇక నేను ఎవరికి చెబుతున్నట్టు, గోడకా, అని అడిగాను. బాలింతకు నీళ్ళివ్వమని చెప్పడంలో సిగ్గుపడవలసింది ఏముందని అడిగాను.

అరుగు చివర కూర్చున్న నర్సయ్య అనే బండి మనిషి బీడీ పారేసి గడప దగ్గరికి వచ్చాడు.

"ఇస్తె సావదా అమ్మా?" అని అడిగాడు. "మా ఇంటిది నీళ్ళు నీళ్ళని ఏడుస్తాంది. నిన్నటిసంది ఒళ్ళు కాల్తాంది. మా అవ్వ ఇయ్యద్దంటది."

ఇవ్వకపోతేనే ప్రమాదం, పద, అన్నాను. నర్సయ్య ముందు నడిచాడు. పిలవకపోయినా ఖాదర్ సాబ్ కత్తెర పక్కన పెట్టి మా వెనక వచ్చాడు. రెండు సందుల అవతలే ఇల్లు.

నర్సయ్య తల్లి మల్లవ్వ గడపకు అడ్డంగా కూర్చొని ఉంది. ఆ వాడలో కానుపులన్నీ ఆమె చేతి మీదే జరిగేవట. లోపల చీకట్లో కుక్కి మంచం మీద కోడలు ఈరమ్మ, పక్కన గుడ్డల్లో పిల్ల. ఈరమ్మ ఏడవడం కూడా మానేసింది. పెదవులు పొక్కిపోయి నోరు తెరుచుకొని ఉంది. నేను వంగి, డాక్టరు మాటలన్నీ మల్లవ్వకు గుసగుసగా అప్పజెప్పాను. ఆమె ఓపికగానే వింది.

"గీమె ఎవరురా?" అని కొడుకును అడిగింది. రేడియోలో మాట్లాడే ఆమె అన్నాడు నర్సయ్య.

"గొంతు సచ్చినామె రేడియోల మాట్లాడుతదా? గట్లయితె మన ఎద్దు గూడ పాట పాడ్తది." తర్వాత నావైపు తిరిగింది. "బిడ్డా, నువ్వెంతమందిని కన్నవ్?"

ఒక్కరినీ కనలేదన్నాను. ఆమె ఇంకేమీ అనవలసిన పని లేకపోయింది. నాకు వాదం కొత్త కాదు, బడిలో ఇన్స్పెక్టర్లతో కూడా తగువు పడ్డాను. కానీ గొంతు లేకుండా, పిల్లలు లేకుండా, మసి పూసుకొని ఆ గడప ముందు నిలబడితే నా చదువు దేనికీ పనికిరాలేదు. లోపల ఈరమ్మ తల అటూ ఇటూ కదిలిస్తోంది.

మల్లవ్వ నా భుజం మీదుగా చూసి ఖాదర్ సాబ్‌ను అడిగింది. "సాయిబూ, డబ్బ నీ దుకాణంలనే ఉండె గద. నువ్వబద్ధమాడవు. గీమె చెప్పింది రేడియోల చెప్పిన్రా? నువ్విన్నవా?"

ఒక్క ఊఁ చాలు. విన్నాను అంటే పని అయిపోతుంది. అను, అను, అని నేను కళ్ళతోనే బతిమాలాను. ఆయన మెడలోని టేపును రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు.

"ఇనలే" అన్నాడు. "బంద్ జేసిన."

నాకు ఆ మనిషిని కొట్టాలనిపించింది. మల్లవ్వ సరే చూశావా అన్నట్టు నావైపు తిరిగింది. అప్పుడు ఆయనే మళ్ళీ మాట్లాడాడు, ఆమెతో, తలెత్తకుండా.

"అవ్వా, మా ఇంట్లామె కానుపు గూడ నువ్వే జేసినవ్. యాదికున్నదా?"

"ఉన్నది. జరమొచ్చి పాణం పాయె. గది అల్లా రాత. నా చేతుల ఏమున్నది?"

"బుఖారే. నిన్నంటలేను. రాత్రంత పానీ పానీ అన్నది. నువ్వద్దన్నవ్, నేనియ్యలే. కుండ నా చేతికందే జాగలనే ఉండె."

మల్లవ్వ ఆయన ముఖం కేసి చూసింది. కొంగుతో నోరు తుడుచుకుంది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గడప ఖాళీ అయింది.

"నర్సిగా, పొయ్యి మీద నీళ్ళు పెట్టు. మంచిగ మసలాలె" అంది. నా పక్కనుంచి పోతూ, "ఏమన్న అయితె నీ పాణం తీస్త" అని కూడా అంది. అది నాకో, ఖాదర్ సాబ్‌కో ఇప్పటికీ తెలియదు.

కాచిన నీళ్ళను రెండు చెంబుల మధ్య తిరగబోసి చల్లార్చింది మల్లవ్వే. తాపింది కూడా ఆమే, కోడలి తలను తన తొడ మీద పెట్టుకొని. ఈరమ్మ కళ్ళు తెరవకుండానే తాగింది. మల్లవ్వ చెంబు తీసేయబోతే ఈరమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఇంక జర" అంది.

నీళ్ళు తాగినందుకే ఆమె బతికిందని నేను అనను. సభల్లో అనేవాళ్ళను అననీ. జ్వరం నీళ్ళతో పోలేదు. తెల్లారి నర్సయ్య బండిలో గడ్డి పరిచి, పిల్లతో సహా ఆమెను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ, మల్లవ్వా వెంట వెళ్ళాం. దారి పొడుగునా ముసలామె నీళ్ళ కుండను ఒళ్ళోనే పెట్టుకుంది. నీళ్ళు పడకపోతే ఈ దారి తట్టుకునేది కాదని అక్కడి డాక్టరు అంది. నేను చెప్పగలిగింది అంతవరకే. ఈరమ్మ బతికింది, పిల్లా బతికింది.

ఇందులో నా గొంతు పని ఎక్కడుంది? రేడియో పని ఎక్కడుంది? ఊరు వినాలని నేను నెలల తరబడి మైకు ముందు కూర్చున్నాను. ఒక గడప దాటడానికి, రెండు సందుల అవతలి మనిషి నోరు విప్పవలసి వచ్చింది. అదీ నా ప్రసంగం కంటే చిన్న మాటతో, అబద్ధం ఆడితే సరిపోయే చోట ఆడకుండా. ఆయన విన్నానని ఉంటే మల్లవ్వ రేడియో చెప్పిందని నీళ్ళిచ్చేదేమో, నాకు తెలియదు. ఇనలే అన్నాడు కాబట్టే తర్వాతి మాట ఆమె నమ్మిందని నా అనుమానం. గొంతు తిరిగి వచ్చాక నా స్క్రిప్టుల తీరు మార్చాను. స్త్రీలారా అని మొదలుపెట్టడం మానేసి, దుకాణం అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళతోనే మాట్లాడాను. ఇది మీరు ఇంటికి మోసుకుపోవలసిన మాట, దారిలో పారేయకండి, అని. స్టేషన్‌లో కొందరికి అది మర్యాదగా లేదనిపించింది. నేను మార్చలేదు.

ఆ తర్వాత ఖాదర్ సాబ్ సెట్టును గూట్లోంచి దించి, దుకాణం వెనక గదిలో పెరటివైపు పెట్టాడట. నా ప్రసంగం ఉన్న రోజు ఆ తలుపు తీసి ఉంచేవాడట. పెరట్లో పది మంది ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళట, ఆయన మాత్రం ముందు గదిలో మిషను తొక్కుతూ ఉండేవాడట. ఇదంతా నర్సయ్య చెప్పాడు. నేను మళ్ళీ నకిరేకల్ వెళ్ళేసరికి నలభై ఎనిమిది దాటింది. దుకాణానికి తాళం. పోలీసు చర్య తర్వాత కొడుకు దగ్గరికి పోయాడని ఒకరన్నారు. పట్నంలో చూశామని ఒకరన్నారు. కొందరు అసలేమీ అనకుండా వేరే మాట ఎత్తారు. మల్లవ్వను అడిగితే, "సాయిబు మంచోడు" అని ఊరుకుంది.

సభల్లో నన్ను పొగిడేవాళ్ళను నేను ఎప్పుడైనా సరిదిద్దగలను. నాకు కావలసిన జవాబు వాళ్ళ దగ్గర లేదు. మా అనౌన్సరు ఆ రెండు మాటలు, బాలింత దాహం, అనగానే ఖాదర్ సాబ్ చెయ్యి గూట్లోకి పోయింది. నా ఇజ్జత్ కోసమన్నాడు. అప్పుడు నమ్మాను, పోట్లాడాను కూడా. ఆ గడప ముందు ఆయన మాటలు విన్నాక నమ్మలేకపోతున్నాను. ఎక్కడున్నా ఆయన చెబితే వినాలని ఉంది: ఖాదర్ సాబ్, ఆ సాయంత్రం మీరు రేడియో బంద్ చేసింది బజారు వినకూడదనా, మీరు వినలేకనా?