మదనపల్లెలో నాకు కప్పిన శాలువా

ముందే చెప్పేస్తాండాను, ఈ నోటితో నేను ఇంతవరకూ ఒక్క చుక్క మందు తాగలేదు. బీరు సీసా మూత యా పక్కకి తిప్పల్లో కూడా నాకు తెలీదు. అయినా పోయిన వారం నుంచి కుప్పంలో మా వీధంతా నన్ను సూసి 'పాపం, ఎంత తాగుబోతు! ఎట్ల మారినాడు సూడు' అంటాండాది! నవ్వకండప్పా, వినండి.

డిసెంబరు ఆఖర్లో మా ఎదురింటి వెంకటప్ప, అదే, కూరగాయల మండీలో పనిచేస్తాడే, ఫ్రెండ్సుతో పాండిచ్చేరి ట్రిప్పు పెట్టుకున్నాడు. పాండిచ్చేరికి యాల పోతారో మీకు తెలుసు. సముద్రం సూసేదానికి మాత్రం కాదు. "నువ్వూ రా అన్నా, జాలీగా ఉంటాది" అనె. నాకు ఒళ్ళు మండె.

"పోయేటప్పుడు మనుషుల్లా పోతారు, వచ్చేటప్పుడు మూటల్లా వస్తారు. అదొక టూరా? నేనూ సరోజా పోతాండాం సూడు. చల్లంగా, క్వయిట్‌గా, మందూ గిందూ లేకుండా, కల్చరల్‌గా!" అంటిని. సరోజ అంటే నా పెండ్లాం. ఫోన్లో ఏదో రీల్ చూసి ఈ ఐడియా ఎత్తింది ఆమే.

"యాడికన్నా?"

"మదనపల్లెకి."

"మదనపల్లె సిటీనా అన్నా?" అని వెంకటప్ప ఒకటే నవ్వు.

"బారు కనిపిస్తేనే నీకు సిటీ!" అని మొగం మీదే తలుపేసుకుంటి.

సరే, బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరితిమి. చలి! మంకీ క్యాపు లోపల చెవులు ఉండాయో లేదో తడిమి సూసుకోవాల్సి వచ్చె. లాడ్జీలో క్వయిట్ రూము అడిగితే బస్టాండు ఎదురుగా ఇచ్చినాడు ఆ మహానుభావుడు. డ్రైవర్లు హారన్ కొడితే మా మంచం కదిలేది. ఇంగ కల్చర్. పట్టు మగ్గాలు సూద్దామని పోతే సరోజ ఒక చీర ముందర నిలబడి కదిలితే ఒట్టు. నేను మగ్గం గురించి అంతా తెలిసినోడి మాదిరి తలూపుకుంటా నిలబడితి. నేసే ఆయప్ప ఏదో అడిగితే దానికీ తలూపితి. ఆయన నా వైపు సూడడం మానేసినాడు.

రెండోరోజు సాయంకాలం వాకింగ్ పోతాంటే ఒక హాలు ముందర పెద్ద బ్యానరు. 'మత్తు లేని సాయంత్రం. పాటలు, కోలాటం, నాటిక. అందరూ రావొచ్చు.' కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉండె. కండ్లద్దాలు లాడ్జీలో పెట్టి వస్తి, ఎవరు చదువుతారు!

"సూసినావా సరోజా! మనకోసమే పెట్టినట్టుండాది. ఆ వెంకటప్పకు ఫోటో తీసి పంపల్ల" అంటిని.

గేటు దగ్గర ఒక పెద్దామె మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, "దంపతులిద్దరూ వచ్చినారు, చానా సంతోషం. ఎన్నేండ్లయిందప్పా?" అనె.

దంపతులు అన్నాక ఎన్నేండ్లంటే ఏమనుకుంటారు? పెండ్లే కదా! "పదహైదేండ్లమ్మా" అంటిని.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకునె. "పదహైదా! అయితే ఈడ అందరికీ మీరే సీనియరు." సరోజ వైపు తిరిగి, "మొదట్లో కష్టంగా ఉండెనా తల్లీ?"

"ఏడ్చిన రోజులు ఉండాయమ్మా. పోను పోను అలవాటైపాయ" అనె సరోజ, ఏమాత్రం మొగమాటం లేకుండా.

"మల్ల దారి తప్పాలని ఎప్పుడైనా అనిపించిందాప్పా?"

పెండ్లాం పక్కనుండంగా అడిగే మాటేనా ఇది! "ఛీ ఛీ! ఒకసారి మాట ఇచ్చినాక అంతే కదమ్మా" అంటిని.

ఆమె కండ్లు తుడుచుకుని, నా పేరూ ఊరూ అడిగి, మమ్మల్ని తీసుకుపోయి ముందు వరసలో కూసోబెట్టె. సూడు, మర్యాదంటే ఇది! కోలాటం బ్రహ్మాండంగా ఉండె. పాటలూ బాగుండె. పాండిచ్చేరిలో బోర్లా పడుంటారు వెధవలు అని తలుచుకుంటా కాలు మీద కాలేసుకుని కూసుంటి.

అంతలో మైకులో "కుప్పం నుంచి వచ్చిన నారాయణప్పగారు, పదహైదేండ్లు పూర్తి చేసినారు, రెండు మాటలు చెప్తారు" అనిరి. ఓహో, పాత దంపతులకు సన్మానం కాబోలు! మైకంటే నాకు మొదట్నుంచీ వీకునెస్సు. చేతికిస్తే ఊరుకుంటానా?

"మొదటి వారం నాకు చేతులు వణికినాయి. అన్నం సయించలా. పారిపోదామనుకుంటి, మా నాయన పట్టుకొచ్చె. నిదానంగా చీకటి పడేలోపల ఇల్లు చేరేది నేర్చుకుంటి. ఈ పొద్దు నేను మనిషి మాదిరి నిలబడినానంటే, అదో, ఆడ కూసునుండాదే, ఆమె వల్లే!"

చప్పట్లు! ఒకాయన లేసి నిలబడి కొట్టినాడు. ఇంకొకామె వెక్కి వెక్కి ఏడుస్తాండాది. నా మాటల్లో ఇంత పవర్ ఉందా అని నాకే ఆశ్చర్యం. ఆ పెద్దామె వచ్చి నాకు శాలువా కప్పి, మైకు తీసుకుని అనె కదా:

"విన్నారు కదా! పదహైదేండ్లుగా ఒక్క చుక్క ముట్టకుండా ఉండాడు. మందు మానేసిన మీరందరూ ఈయప్పను సూసి ధైర్యం తెచ్చుకోండి!"

కింద సరోజ వైపు సూస్తే, నోట్లో కొంగు కుక్కుకుని ఊగిపోతాండాది. ఏడుస్తాందనుకుని పక్కామె ఆమె వీపు నిమురుతాండాది!

"అమ్మా, నేను తాగుబోతును కాను" అంటిని గాబరాగా.

ఆమె మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "మల్ల ఆ మాట యాలప్పా? కాదు, కాదు అనుకునే కదా అందరూ పాడైపోయింది" అనె.

"నేను జన్మలో తాగలేదమ్మా!"

"తెలుసప్పా. ఇది నీకు కొత్త జన్మ."

శాలువాతోనే స్టేజీ దిగితిని.

మరుసటి రోజు తిరుగు దారిలో పుంగనూరులో మా అత్తగారింట్లో దిగితిమి. హాల్లో ఎవరో తీసి ఫోన్లలో పంపిన నా స్పీచు వీడియో మాకంటే ముందు వచ్చి కూసునుండె. కాఫీ ఇస్తా మా అత్త నిదానంగా, "నాకు పెండ్లి నాడే అనుమానం అల్లుడా. పీటల మీద నీ కండ్లు ఎర్రగా ఉండె" అనె.

"అది హోమం పొగ అత్తా!"

"పోనీలేప్పా, మానేసినావు కదా" అని ఇంకో రెండు మురుకులు ప్లేట్లో వేసె. సరోజా, నువ్వన్నా చెప్పు అంటే, "నేనేం చెప్పేది, స్టేజీ ఎక్కి నువ్వే చెప్పినావు కదా" అనేసె!

ఆడ రెండు దినాలుండి, కుప్పంలో దిగి బ్యాగు కింద పెట్టకముందే వెంకటప్ప వచ్చినాడు. నవ్వేదానికి వచ్చినాడనుకుంటి. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని ఉండాడు. ఎనక వాని పెండ్లాం నంజమ్మ.

"అన్నా, పాండిచ్చేరిలో నీ వీడియో చూసినాను. ఇన్నేండ్లు నువ్వు నీతులు చెప్తాంటే 'తాగనోడికి ఏం తెలుసు' అని నాకు కంపరం. నువ్వూ మా మాదిరోడివే అని తెలిసినాక సిగ్గేసె. ఆ పొద్దు నుంచి ముట్టలేదన్నా."

నిజం చెప్పేద్దామని నోరు తెరిస్తి. నంజమ్మ రెండు చేతులూ జోడించి నా వైపే సూస్తాండాది. సరోజ ఎనక నుంచి నా నడుం గిల్లె. నోరు మూసుకుంటి. తాగకుండా పదహైదేండ్లు అరిస్తే ఒక్కడూ మారలా, తాగినానని ఒక్క రోజు పేరొస్తే ఎదురిల్లు బాగుపడె! ఇదీ నా బతుకు విలువ.

"అది సరే అన్నా, నువ్వు ఏం బ్రాండు తాగతాంటివి?" అనె వెంకటప్ప.

సచ్చితిమిరా! నాకు ఒక్క పేరు తెలిస్తే కదా! నేను పనిచేసేది గ్రానైటు ఫ్యాక్టరీలో. దినమూ పాలిష్ పట్టే నల్లరాయి పేరే నోటికొచ్చె.

"బ్లాక్ గెలాక్సీ" అంటిని.

వాడు కండ్లు పెద్దవి చేసి, "అబ్బా! పేరు వింటానే తెలస్తాంది. చానా హార్డు కదన్నా?" అనె.

"చానా హార్డప్పా" అంటిని. ఆ పూట నేను చెప్పిన నిజం అదొక్కటే.