నాలుగో పేజీకి వేసిన చాప

మొన్న తాడేపల్లిగూడెం నుంచి వస్తుంటే, ఆకివీడు దాటాక మా బస్సు ఓ చేపల చెరువు పక్కన చెడిపోయి ఆగింది. అందరూ డ్రైవర్ని తిడుతున్నారు. నాకు మాత్రం చెరువులో చేపలకు గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడే వినిపించింది. కిటికీ మూసేశాను. "ఇంత ఉక్కలో ఎందుకు మూసేస్తున్నారండీ?" అంది పక్కనావిడ. "ఆ చప్పుడు పడదండీ" అన్నాను.

నలభై దాటాక, పిల్లల్ని కాలేజీల్లో వేసి నేనూ ఏలూరులో ఎం.ఏ.లో చేరాను. అక్కడ విద్యార్థులే నడుపుకునే సాహిత్య పత్రిక ఒకటుండేది. నా అడుగు మహిమో ఏమో, ఆ ఏడాదే యూనివర్సిటీ వాళ్ళు అచ్చుకు సాయం ఆపేసి, పత్రిక గదికి తాళం వేశారు. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు గానీ ఒక్కరూ తెరిచి చదవలేదు. ఒక్కొక్కరే జారుకోగా చివరికి నలుగురం మిగిలాం: నేను, కామవరపుకోట అబ్బాయి, ముదినేపల్లి అబ్బాయి, ఆకివీడు పిల్ల. ఆ పిల్లే అంది: "మనమే పేజీలవుదామక్కా. ఎవరి రచన వాళ్ళు నోటికి పట్టేసి వరసగా కూర్చుని చెప్పేద్దామండీ. నోటికి తాళం ఎవరేస్తారు?"

అలా వాళ్ళ నాన్నగారి చెరువు గట్టు మీద, కావలి పాకలో మా సంచిక వెలువడేది. నాలుగు చాపలు, నాలుగు పేజీలు. వినేవాళ్ళు బాగానే వచ్చేవారు. నిజం చెప్పాలంటే సగం మంది ఆ పిల్ల వాళ్ళమ్మగారి చేపల పులుసు కోసం. మొదటి పేజీని నేను. మధ్యలో మరిచిపోతే కామవరపుకోట అబ్బాయి "అచ్చుతప్పు అక్కా" అనేవాడు. ఆకివీడు పిల్లది నాలుగో పేజీ. ఆమె కథలో ఓ ముసలావిడ ఇల్లు చెరువు తవ్వకంలో పోతుంది. ఆవిడ రోజూ పొద్దున్నే గట్టు మీదికొచ్చి, నీళ్ళకేసి తిరిగి, "తలుపు తియ్యండమ్మా" అని పిలుస్తుంది. అక్కడ ఆపేసేది. తర్వాతేమైందని అడిగితే, "ముగింపింకా రాలేదండీ. వచ్చే సంచికలో" అని నవ్వేది.

వచ్చే సంచికకు ఆమె లేదు. జ్వరం తగిలి పోయింది. ఎంత ఏడ్చానో. పత్రిక ఇక చాలించుకుందామనుకున్నాం. అప్పుడు వాళ్ళ నాన్నగారు ఏలూరు వచ్చారు. "ఒక్కసారి రండమ్మా. కథ చివరికేమైందో మా పిల్ల నాకూ చెప్పలేదండి. మీరెవరైనా చెప్తారేమోనని..." మాకూ తెలియదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చలికాలం ఉదయం అది. మంచులో చెరువు కనబడలేదు, ఏరేటర్ల చప్పుడొక్కటే. పాకలో మేం ముగ్గురం, ఆయన. నాలుగు చాపలూ వేసి ఉంచారు. మా మూడు పేజీలూ అయ్యాక, ఆమె కథను తలో వాక్యం అందుకున్నాం. మేమెవరం ఎన్నడూ నోటికి పట్టని కథ తడబాటు లేకుండా వచ్చేస్తుంటే నాకు భయమేసింది. "తలుపు తియ్యండమ్మా" దగ్గర అందరం ఆగిపోయాం.

అప్పుడు మెల్లగా ఓ ఆడగొంతు వినిపించింది: "లోపల గడియ తీసిన చప్పుడైంది."

ఆయన కళ్ళు తుడుచుకుని, "బాగా చెప్పారమ్మా" అన్నారు నాతో. ఆ వాక్యం అన్నది నేను కాదు. అబ్బాయిలిద్దరూ కూడా నా వైపే చూస్తున్నారు. ముదినేపల్లి అబ్బాయి అదంతా ఫోన్‌లో రికార్డు చేశాడు. తిరుగు ప్రయాణంలో బస్టాండులో పెట్టుకుని విన్నాం. మా మాటలన్నీ ఉన్నాయి. ఆ వాక్యం రావలసిన చోట ఏరేటర్లు తిరుగుతున్నాయి, అంతే.

పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. కొత్త పిల్లలొచ్చి ఐదో పేజీ, ఆరో పేజీ అయ్యారు. మేం చెప్పకపోయినా నాలుగో చాప మీద ఎవరూ కూర్చోరు. అదంతా జరిగి ఏళ్ళు గడిచాయంటారు. ఆ చెరువుల పక్కగా వెళ్ళినప్పుడల్లా నాకు మాత్రం గడియ ఇప్పుడే తీసినట్టుంటుంది.