పూలజడ ఫోటోల వెబ్‌సైటు

మరువం వాసన తగిలితే ఇతరులకు పెళ్లిళ్లు గుర్తుకొస్తాయేమో, నాకు కంప్యూటరు గుర్తుకొస్తుంది. మొన్న తిరుపతి బస్టాండు దగ్గర పూలబుట్ట పక్కగా నడుస్తుంటే మళ్లీ అంతే అయింది. ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఉన్న మునిరత్నమన్న ఫోటో స్టూడియోలో కంప్యూటరు బల్ల మీదే తడిగుడ్డలో చుట్టిన పూలు ఉండేవి. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు పోయేవాళ్లు ముందురోజు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆడబిడ్డైనా మగబిడ్డైనా, గుండు కాకముందే ఆ జుట్టుకు పూలజడ వేసి ఫోటో తీయించడం మా వైపు ఆనవాయితీ. జడ కూడా ఆయనే అల్లేవాడు. బిడ్డను అద్దం ముందు కూర్చోబెట్టి, ముఖమూ జడా ఒకే ఫోటోలో వచ్చేలా తీసేవాడు.

నేను అక్కడ ఫోటోలు సరిచేసే పనికి చేరాను. వెబ్‌సైటు కట్టడం గ్రంథాలయంలో పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని. వీధివీధికీ డిజిటల్ స్టూడియోలు వచ్చి గిరాకీ పడిపోయిన కాలమది. "ఈ ముహూర్తాలు అయ్యేలోపల కొత్తవాళ్లు రాకపోతే తాళమేసి పుత్తూరు పోతానమ్మా. మా బామ్మర్ది సిమెంటు అంగట్లో కూసుంటా" అన్నాడు ఒకరోజు. తేలిగ్గానే అన్నాడు గానీ, కెమెరా తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

కొత్తవాళ్లను రప్పించడానికి మేం కట్టిన వెబ్‌సైటు చూడముచ్చటగా ఉండేది. బోర్డులు రాసే పెయింటరు చేత రంగుల్లో "మధుర క్షణాలకు చిరునామా" అని రాయించి, ఆ అట్టను స్కాన్ చేసి మొదటి పేజీ నిండా పెట్టాం. పేరు, ఊరు, ఫోను నంబరు అన్నీ ఆ బొమ్మలోనే. అది తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. ఇంటర్నెట్టులో వెతికితే మాత్రం ఎక్కడా కనిపించేది కాదు. మళ్లీ గ్రంథాలయానికి పరిగెత్తాను.

"అన్నా, బొమ్మలో అక్షరాలను సెర్చింజన్ చదవలేదంట."

"అంత పెద్దగా రాయించినాం గదమ్మా. దానికి కండ్లద్దాలు కావాల్నా?"

"టైపు చేసిన మాటలు కావాలంట."

నా దగ్గర పుస్తకాల్లో ఏరుకున్న మాటలున్నాయి: నాణ్యత, నమ్మకం, సేవ. చదివి వినిపించాను. ఆయన తల గోక్కున్నాడు.

"ఇవి సిమెంటుకు గూడా సరిపోతాయి గదా. ఈడికొచ్చేవాళ్లు ఏమడగతారో అదే పెట్టి సూద్దామా?"

ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా ఇద్దరం చెవులు రిక్కించాం. మధుర క్షణాలు ఎవరూ అడగలేదు. బిడ్డ ఏడిస్తే ఎలా, జుట్టు పొట్టిగా ఉంటే జడ వస్తుందా, పూలు మీరే తెస్తారా, ఇవే. ఒక్కో ఫోటో కింద ఒక్కో ప్రశ్న పెట్టి, ఆయన చెప్పినట్టే జవాబు రాశాను. "ఏడ్సనీ. కాసేపటికి అద్దంలో తన్నే సూసుకుంటాది, అప్పుడు తీస్తా." "పొట్టి జుట్టయితే సవరం కట్టి పూలతో కప్పేస్తా." అప్పట్లో వెతికేవాళ్లు ఇంగ్లీషులోనే టైపు చేసేవారు గనక తేలిక ఇంగ్లీషులోకి మార్చాను. పూలజడను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పూలజడగానే ఉంచాను. రంగుల బొమ్మ తీసేస్తుంటే, "పెయింటరప్పకు చెప్పొద్దు" అన్నాడు.

ముహూర్తాలు ముగియవస్తుండగా నాగపూర్ నుంచి ఫోను వచ్చింది. అక్కడ స్థిరపడ్డ ఒక తెలుగు తల్లి నమస్కారమైనా చెప్పకుండా అడిగింది: "మావాడికి జుట్టు పొట్టి. మీరు రాసినట్టు సవరం కట్టి జడ వేస్తారు కదా?"

"ఎప్పుడొస్తారో చెప్పమ్మా, మరువం తాజాగా తెప్పించాల" అన్నాడాయన. ఫోను పెట్టి, తేదీ క్యాలెండరు మీద రాసుకున్నాడు. "అంత దూరంలో గూడా ఇదే అడగతారా" అన్నాడు. అలాంటి ఫోన్లు ఇంకా వచ్చాయి. పుత్తూరు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను ఎవరెవరి వెబ్‌సైట్లకో మాటలు రాస్తున్నాను. మీ దగ్గరికొచ్చేవాళ్లు ఏమడుగుతారని ముందుగా యజమానిని అడుగుతాను. చాలామంది నాణ్యత, నమ్మకం అని మొదలుపెడతారు. అప్పుడు నేను ఒక టీ తెప్పించుకుని, వాళ్ల ఫోను మోగేదాకా అక్కడే కూర్చుంటాను.