చూరునీళ్ల చప్పుడు

ఆవిడ చేతి కాజాకి పేరుపడిన మనిషి. దర్జీ కొట్టులో ఏ చొక్కా తయారైనా దాని కాజాలు ఆవిడ సూది కింద నుంచి రావలసిందే. అందుకే వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ కాజాలక్క. పెళ్లి ఊసెత్తేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నాక తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది గానీ, ఏనాడూ ఎవరి పంచనో ఉన్నట్టు ఉండలేదు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని కొట్టుకి వెళ్లేది, సాయంత్రం తనంతట తను ఇల్లు చేరేది. ఆ రాకపోకలే ఆవిడ ఆస్తి.

ఆ ఆస్తికే ముప్పొచ్చింది. చూపు మెల్లమెల్లగా మసకేసి, వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. చెబితే ఇంట్లో కూర్చోబెడతారని ఎవరికీ చెప్పలేదు. కాజా కుట్టడం వేళ్లకే తెలుసు. దారం దర్జీయే అందిస్తాడు. వీధంతా గోడ పట్టుకుని నడవొచ్చు, పక్కింటి పిండిమర చప్పుడు వినబడితే గుమ్మం వచ్చినట్టే. వాన రోజుతోనే చిక్కు. కరెంటు పోతుంది, మర మూగబోతుంది. ఇంటి ముందేమో మూత లేని మురిక్కాలువ. అప్పుడిక చూరునీళ్లే దిక్కు. వసారా రేకుల మీంచి అవి మెట్టు ముందరి బండ మీద టపటపా పడుతుంటే, ఆ చప్పుడులోకి నడిచి, నెత్తి తడిసిన చోట కాలెత్తితే మెట్టు.

ఆ నీళ్లకే బండ పాచిపట్టి మరదలు జారిపడింది. మణికట్టు బెణికి కట్టు వేశారు. తమ్ముడు వెళ్లి రేకుల మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. చూరు పొడుగునా రేకు దోనె బిగించి, నీళ్లన్నీ గొట్టంలోంచి కాలువలోకి దింపాలని.

"పూటలో అయిపోతుందండీ," అన్నాడు మేస్త్రి టేపు సాగదీస్తూ.

"ఇంటి మూతికి చిక్కం కట్టినట్టుంటుంది. నాకు నచ్చలేదు," అంది కాజాలక్క వసారాలోంచి.

"అందానికేముందక్కా, గుమ్మమేమన్నా పెళ్లిచూపులకి కూర్చుంటుందా?" అన్నాడు మేస్త్రి.

"పాచి గీకితే పోదూ? నేనే గీకుతాను."

"ఎన్నిసార్లు గీకలేదు వదినా," అంది మరదలు. "అయినా వాన వస్తే నెత్తిన నీళ్లు పోసుకుని వచ్చేది మీరే కదా, మీరే వద్దంటారేం?"

"కరిగిపోవడానికి నేనేమన్నా ఉప్పుబొమ్మనా!"

మేస్త్రి నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. "నీ సంగతి సరే. దీని చెయ్యి చూశాక కూడా వద్దంటావా?"

తొందరలో ఆవిడ నోరు జారింది. "చూడకేం నాయనా! పొద్దుటినుంచీ ఆ కట్టు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటూనే ఉంది."

టేపు డబ్బాలోకి చరచరా చుట్టుకున్న చప్పుడొక్కటే వినబడింది.

"కట్టు పొద్దున్నే విప్పేశాను వదినా," అంది మరదలు గొంతు తగ్గించి. "మీ ఎదురుగా కూర్చునే విప్పాను."

తమ్ముడు వచ్చి దగ్గర కూర్చున్నాడు. మొహానికి గాలి తగిలింది.

"చెయ్యి ఆడించకురా," అంది ఆవిడ. "ఏమీ కనబడదు."

ఇక దాచి లాభం లేక పిండిమర సంగతీ చూరునీళ్ల సంగతీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ వేళ్లు చీర అంచుని నలుపుతూనే ఉన్నాయి.

"దోనె వద్దులే మేస్త్రీ," అన్నాడు తమ్ముడు చివరికి.

ఆవిడ మాటే నెగ్గింది. కానీ మర్నాటినుంచీ కొట్టుకి తమ్ముడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు, తనే తీసుకొచ్చాడు. అదీ కొన్నాళ్లే. సంగతి తెలిసిన దర్జీ, "ఈ తిప్పలన్నీ ఎందుకక్కా, బట్టలు ఇంటికే పంపిస్తాను," అన్నాడు. మంచికే అన్నాడు. కొన్నాళ్లు పంపాడు కూడా. తర్వాత పంపడం పలచబడింది.

ఇప్పుడు వాన వస్తే కాజాలక్క వసారాలో గోడకి ఆనుకుని కూర్చుంటుంది. చూరునీళ్లు బండ మీద పడుతూనే ఉంటాయి. ఒక సాయంత్రం మరదలు పాచి మీద అడుగులో అడుగేసుకుంటూ దిగుతున్న అలికిడి విని, "ఒరేయ్, ఆ దోనేదో పెట్టించెయ్యి," అంది.

తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాకిక ఆ చప్పుడుతో పనేముందిరా," అంది.